ముగ్గురికి ఒక బండి, మూడు శాలువాలు

పోయిన నెల ఒక మేనేజ్‌మెంట్ కాలేజీలో నా ఉపన్యాసం అయ్యాక వెనక వరుసలోంచి ఒక విద్యార్థిని లేచి అడిగింది.

“సార్, ఈ ఆలోచన నాది కాదు, ఆమెది అని గని గేటు దగ్గర అందరి ముందూ చెప్పారు కదా. దానివల్ల మీ ఉద్యోగం పోతుందని అప్పుడు మీకు తెలుసా?”

నేను కళ్లు మూసుకున్నాను. ఈ కళ్లు మూసుకోవడం బాగా సాధన చేసినది. ఎంతసేపు మూసి ఉంచాలో, ఎప్పుడు తెరవాలో నాకు కొలత ఉంది. తెరిచి, మెల్లగా, “తెలుసమ్మా” అన్నాను. హాలంతా చప్పట్లు. ప్రిన్సిపాల్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

నిజానికి నాకేమీ తెలియదు. ఆ సంగతి మా బాస్ అందరికీ చెప్పిన సాయంత్రం నేను గోదావరిఖని చౌరస్తాలో మిరపకాయ బజ్జీ తింటున్నాను.

ఈ వృత్తిలోకి రాబోతున్న పిల్లల చేత ఇన్నాళ్లూ ఊరికే చప్పట్లు కొట్టించుకున్నాను. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. అసలు ఎవరి పేరు చెప్పాలన్న దగ్గరే ఈ గొడవంతా మొదలైంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా కన్సల్టెంటుగా పనిచేశాను. అంటే కంపెనీలకు వెళ్లి, వాళ్ల పని వాళ్లు ఇంకా బాగా ఎలా చేసుకోవచ్చో చెప్పి, దానికి ఫీజు పుచ్చుకునే ఉద్యోగం. మా అమ్మకు ఎన్నిసార్లు వివరించినా ఒకటే అడిగేది: “వాళ్ల పని వాళ్లకు తెలీదంట్రా?”

నాకు వచ్చిన విద్యలు రెండే. ఒకటి స్లైడ్లు చేయడం. నేను గీసిన బాణం గుర్తులు చూసి చైర్మన్లు ముచ్చటపడేవారు. రెండోది కోకిల విద్య. కోకిల తన గుడ్డును కాకి గూట్లో పెట్టి వస్తుంది కదా, అలా మన ఆలోచనను తీసుకెళ్లి అవతలివాళ్ల బుర్రలో పెట్టి రావడం. పెద్ద మీటింగుకు ముందు ఒక్కో అధికారినీ విడిగా కలిసి, “మొన్న మీరు ఒక మాట అన్నారు సార్, అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను” అని మొదలుపెట్టి, ఆయన ఎన్నడూ అనని మాటను ఆయనకే అప్పగించేవాణ్ణి. “నేనెప్పుడన్నాను?” అని అడిగినవాళ్లు నా సర్వీసులో ఒక్కరూ లేరు. తన ఆలోచన అనుకున్నదాన్ని జరిపించడానికి ఎవరైనా చొక్కా చేతులు మడిచి ముందుకొస్తారు. పని జరిగేది, మాకు ఫీజు వచ్చేది, అందరూ సంతోషంగా ఉండేవాళ్లు. ఆలోచన అసలు ఎవరిదని మా ఆఫీసులో కూడా ఎవరూ అడిగేవారు కాదు.

తర్వాత కృత్రిమ మేధ వచ్చింది. పదిమంది కుర్రాళ్లు వారం కూర్చుని చేసే స్లైడ్లు టీ చల్లారేలోపు కంప్యూటరే చేసి పెట్టడం మొదలుపెట్టింది. నా బాణాల కంటే దాని బాణాలే బాగున్నాయి. ఇంతకంటే ఘోరం, క్లయింట్ల దగ్గరికి కూడా అదే వచ్చేసింది. ఒక సిమెంటు కంపెనీ పెద్దమనిషి నా ముందే ఫోన్‌లో తన ప్రశ్న టైపు చేసి, వచ్చిన జవాబు నాకు చూపించి, “మీరు చెప్పబోయేది ఇదేనాండీ?” అన్నాడు. అదే. అక్షరం తేడా లేదు.

మా బాస్ చురుకైన మనిషి. సంస్థను సగానికి సగం కుదించి, మిగిలినవాళ్లను కూర్చోబెట్టి, “ఇక మనం సలహాలు అమ్మం, ఫలితాలు అమ్ముతాం” అన్నాడు. అంటే హైదరాబాద్‌లో కూర్చుని రిపోర్టు పంపితే చాలదు. పని జరిగే చోటికే వెళ్లి, మార్పు కళ్లకు కనబడేదాకా అక్కడే ఉండాలి. మార్పు రాకపోతే ఫీజు లేదు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, చాలా ప్రేమగా, “ఈ బొగ్గు గని పని అయిందా, సరే. కాలేదా, మీకు ఇక్కడ కుర్చీ ఉండదు. మీరు పెద్దవారు, అర్థం చేసుకోవాలి” అన్నాడు.

అర్థమైంది. యాభై దగ్గరపడ్డవాణ్ణి, బాణం గుర్తులు తప్ప ఏమీ రానివాణ్ణి. ఆ కుర్చీ పోతే ఇంకో కుర్చీ వేసేవాళ్లు లేరు.

అలా గోదావరిఖని చేరాను. తీసుకెళ్లిన తెల్లచొక్కాలు మొదటి వారంలోనే తమ రంగు మరిచిపోయాయి. గనిలో తిరగడానికని కొనుక్కున్న బూట్లు నా కాళ్ల కంటే చిన్నవి. మొదటి మధ్యాహ్నం గెస్ట్‌హౌస్‌లో భోంచేస్తుండగా పక్కనున్న ఓపెన్‌కాస్ట్ గనిలో బండలు పేల్చే బ్లాస్టింగ్ జరిగి కిటికీలు గడగడలాడాయి. ఏమైందో తెలుసుకునేలోపు నేను బల్ల కింద ఉన్నాను. వంటాయన గిన్నె చేత్తో పట్టుకునే వంగి చూసి, “ఏం కాలే సార్, రోజు గింతే. పప్పు ఎయ్యాల్నా?” అన్నాడు.

నాతోపాటు వచ్చిన కొలీగ్ బల్లకు అవతలి పక్క కూర్చుని ఉంది. ఆమె ముఖం చూడకుండానే నవ్వుతోందని తెలిసింది, బల్ల ఊగుతోంది.

ఆమె నాకంటే చాలా చిన్నది. ఆ ఊళ్లోనే కంపెనీ క్వార్టర్‌లో పుట్టి పెరిగింది. వాళ్ల నాన్న భూగర్భ గనిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆఫీసులో నాలాగే మాట్లాడేది గాని, బండి పెద్దపల్లి దాటగానే భాష మార్చేసింది. కోకిల విద్యతో సహా నాకు తెలిసిందంతా ఆమెకు నేర్పానని నాకో గర్వం. నాకు తెలిసింది ఎంతో ఆమెకు అప్పటికే ఒక అంచనా ఉంది.

మాకు అప్పగించిన సమస్య చిన్నదిగా కనబడేది. గనిలో బొగ్గూ మట్టీ మోసే డంపర్లు ఉంటాయి. ఒక్కోటి ఇల్లంత ఉంటుంది. షిఫ్టు మారినప్పుడు అవి చాలాసేపు ఊరికే నిలబడిపోతున్నాయి. ఎందుకంటే, హాజరు వేయించుకున్న ఆపరేటర్లంతా షిఫ్ట్ ఇన్‌ఛార్జి కిటికీ దగ్గర మూగుతారు. ఎవరికి ఏ బండి అన్నది అక్కడ తేలాలి. కొన్ని బండ్లలో ఏసీ పనిచేస్తుంది, కొన్నింట్లో సీటు స్ప్రింగు నడుములో దిగుతుంది. రోజూ ఒకటే రామాయణం.

“నిన్న గదే బండి ఇస్తివి, ఇయ్యాల గదే ఇస్తవా? నా నడుము గిట్ల కంపెనీ ఆస్తి అనుకున్నవా అన్నా?”

“మరి ఎవలికియ్యాలె? నీ ఒక్కనికే ఉన్నదా నడుము?”

“ఏసీ బండేమో నీ బామ్మర్దికి, చినిగిన సీటేమో నాకు!”

“వాడు నా బామ్మర్ది గాదు, నీ బామ్మర్ది!”

“అవ్ గదా, నా బామ్మర్దికి ఇచ్చినవ్, నాకెందుకియ్యవ్?”

ఇది తెగేసరికి బయట ఎండ ముదిరేది. కంప్యూటర్‌ను అడిగితే పారదర్శకమైన కేటాయింపు విధానం ఉండాలని చెప్పింది. తప్పేమీ లేదు. ఆ తప్పులేని మాటతో ఏం చేయాలో మాత్రం దానికీ తెలియదు, నాకూ తెలియదు. నేను రోజూ ఆ కిటికీ పక్కన నిలబడి, నడుముల గురించి చాలా తెలుసుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే ఇద్దరం షేర్ ఆటోలో గనికి పోతున్నాం. నా మోకాళ్ల మీద ఎవరిదో టమాటాల సంచి. చౌరస్తా దగ్గర ఆటో ఆగింది. రోడ్డు పక్క టిఫిన్ డబ్బాతో నిలబడ్డ మనిషి వచ్చాడు. మా డ్రైవర్ దిగాడు, ఆయన ఎక్కాడు. “డీజిల్ పోపిచ్చిన. ఎనుక టైర్ల గాలి జర చూసుకో” అని దిగినాయన అన్నాడు. ఎక్కినాయన తన గుడ్డ తీసి అద్దం తుడిచి, చేత్తో స్టీరింగ్‌ను తాకి కళ్లకద్దుకుని పోనిచ్చాడు. మమ్మల్ని దిగమనలేదు. టమాటా ఒక్కటి కూడా దొర్లలేదు.

ఆమె నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా కుదిపింది. అప్పుడు దొర్లాయి టమాటాలు.

“సార్, మన డంపర్లు గిట్లెందుకు నడుపొద్దు? ముగ్గురికి ఒక బండి. మూడు షిఫ్టులు, ముగ్గురు మనుషులు. ఆ బండి వాళ్లదే. ఇంక కిటికీ కాడ పనేంది? సక్కగ పోయి ఎక్కుడే. సీటు చినిగితే వాళ్లే లొల్లి చేసి కుట్టిపిచ్చుకుంటరు.”

నేను ఒక చేత్తో టమాటాలు ఏరుతూనే ఆలోచించాను. ఎక్కడా వంక కనబడలేదు. ఆటో దిగేసరికి గుడ్డు నా చేతిలో ఉంది, నేను గూళ్ల కోసం వెతుకుతున్నాను.

ముందు గని మేనేజర్‌గారు. కోస్తా నుంచి వచ్చి అక్కడే తల నెరిసిన ఇంజనీరు. “మొన్న మీరు ఒక మాట అన్నారు సార్” అనగానే కుర్చీలో వెనక్కి వాలి, “ఆఁ, అన్నానండీ. ఎప్పట్నుంచో ఉంది నా మనసులో” అన్నారు. ప్రయోగంగా కొన్ని డంపర్లతో మొదలుపెడదామన్నారు.

తర్వాత మూడు కార్మిక సంఘాల నాయకులు. వాళ్లు ఒప్పుకోకపోతే అక్కడ చీమ కదలదు. ఒక్కొక్కరినీ విడిగా కలిశాను. అందరికంటే పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, “గీ మాట నేను ఏండ్ల సంది మొత్తుకుంటున్న బిడ్డా, ఇనేటోడే లేకపాయె” అన్నాడు. రెండో సంఘం మీసాలాయన కాసేపు ఆకాశంలోకి చూసి, “చెప్పినట్టున్న... చెప్పిన! మా ఇంటి గద్దె మీద కూసోని చెప్పిన, చాయ్ తాక్కుంట” అన్నాడు. నేను ఆయన ఇల్లూ చూడలేదు, ఆ అరుగూ చూడలేదు. మూడో ఆయన కళ్లజోడు సవరించుకుని, “చెప్పుడేంది సార్, రాసి పైకి గూడ పంపిన” అన్నాడు.

నా జీవితంలో ఇంత బాగా గుడ్లు ఎప్పుడూ పెట్టలేదు. ఆ ఉత్సాహంలో బాస్‌కు ఫోన్ చేసి చెప్పాను.

“బ్రహ్మాండంగా ఉంది. ఎవరి ఐడియా?”

“మాదే.”

“మాదే అంటే?”

“నాదే అనుకోండి.”

పక్కనే ఆమె రొట్టె తింటోంది. ముక్క నోటిదాకా పోయి ఆగింది. ఫోన్ పెట్టేశాక, “మంచిగుంది సార్. ఊరందరికీ పంచిండ్రు, నాకొక్కదానికే మిగల్లే” అంది.

“ఇది మన వృత్తి ధర్మమమ్మా. ఆలోచన ఎవరిదన్నది కాదు, పని జరగడం ముఖ్యం” అన్నాను. పూర్తిగా నమ్మే అన్నాను. ‘నాదే’ అని చెప్పిన ఫోన్ ఇంకా చేతిలో వెచ్చగానే ఉంది.

ఇక బజ్జీ సంగతి. ఆ వారంలోనే ఒక సాయంత్రం బాస్ అందరితో వీడియో మీటింగ్ పెట్టాడు. ఆమె వాళ్ల అమ్మగారింటి నుంచి కూర్చుంది. నేను చౌరస్తాలో బజ్జీల బండి దగ్గర నిలబడి, కెమెరా ఆపేసి, చెవిలో చిన్న స్పీకరు పెట్టుకుని హాజరయ్యాను. బాస్ ‘మారుతున్న కాలం’ అని మొదలుపెట్టాడు. ఆ ఉపన్యాసం నాకు కంఠతా వచ్చు. బజ్జీ కొరికాను. ఆ మిరపకాయ, కారం తినే కోస్తావాడినని నాకున్న గర్వాన్ని ఒక్క దెబ్బతో తీసేసింది. కళ్లలో నీళ్లు, చెవుల్లో హోరు. చెవిలోది పీకేసి, బండాయన ఇచ్చిన నీళ్లు తాగి, “గింతకే గిట్లయితే ఎట్ల సార్, ఉల్లిగడ్డ నంజుకోండ్రి” అంటే నంజుకుని, ఇంకో రెండు వేయించుకున్నాను. మళ్లీ చెవిలో పెట్టుకునేసరికి అందరూ “థాంక్యూ, థాంక్యూ” అంటున్నారు. నేనూ అన్నాను.

ఆ మధ్యలో బాస్ చెప్పింది ఇది: “రాత పనంతా ఇప్పుడు యంత్రానిదే. కాబట్టి మనిషిని ఇకమీద ఒక్కదానితోనే కొలుస్తాం. ఆలోచన మీలో ఎవరిదని క్లయింటు చెబుతాడో వాళ్లే ఉంటారు. ఒక్కో పనికి ఒక్కరే.”

అంటే నా కోకిల విద్యకు ఆ సాయంత్రంతో కాలం చెల్లిపోయింది. దాని చావుకబురు వినాల్సిన చెవిలో కారం నిండి ఉంది.

ప్రయోగం మొదలయ్యే రోజు వచ్చింది. అక్కడ షిఫ్టుకు ముందు సంఘాలు గేటు మీటింగులు పెట్టుకుంటాయి. గేటు పక్కన జెండా, చిన్న మైకు, నాయకుడి నాలుగు మాటలు. ఆ పొద్దున మూడు జెండాలూ ఒకేసారి లేచాయి.

“కార్మిక సోదరులారా!” పెద్దాయన మొదలుపెట్టాడు. “మన సంఘం కొట్లాడి సాధించిన విజయం, ముగ్గురికి ఒక బండి!”

చప్పట్లు సగంలో ఉండగానే అవతలి మైకులో మీసాలాయన, “ఎవలు సాధించిండ్రు? గది మేం సాధించినం! మా ఇంటి గద్దె మీద పుట్టింది గా మాట!”

“రాసిచ్చింది మేం!” అని మూడో మైకు. “కాయిదం ఉన్నది!”

“ఏది, సూపెట్టు!”

“పైకి పంపినమంటే సూపెట్టు అంటవేంది!”

క్షణాల్లో మూడు వైపుల నుంచీ నినాదాలు. ఇది తమ సంఘం సాధించిందేనని యాజమాన్యం ప్రకటించేదాకా తమ మనిషి ఎవడూ స్టీరింగ్ ముట్టడని ముగ్గురూ తేల్చేశారు. ఒక్కో బండికి మేం జతచేసిన ముగ్గురూ మూడు సంఘాల వాళ్లు. అందువల్ల ఒక్క బండీ కదలదు. జనం అలవాటుగా మళ్లీ కిటికీ దగ్గరికి పోయి నడుముల గురించి మొదలుపెట్టారు. ఇంతలో మేనేజర్‌గారు చెమటలు కక్కుతూ వచ్చి నన్ను పట్టుకున్నారు. “ఏవండీ, అది నేను మీకు చెప్పిన ఆలోచన కదా? మధ్యలో వీళ్లెవరండీ చెప్పుకోవడానికి?”

ఆమె కోసం చూశాను. సైకిల్ స్టాండు గుంజను రెండు చేతులా పట్టుకుని నవ్వుతోంది. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

“సార్... గుడ్డు ఒక్కటే... కాకులు నాలుగు!”

నన్నూ కలిపి “ఐదు” అనలేదు. అది ఆమె మర్యాద.

సాయంత్రం బాస్ ఫోన్. “ఈ వారంలో బండ్లు కదలకపోతే మీరు హైదరాబాద్ వచ్చే శ్రమ తీసుకోవద్దు.” ఆ మాట విన్నాక నాకు భయం వేయాలి. నిజానికి ఒకరకమైన మైకం వచ్చింది. గెస్ట్‌హౌస్ వసారాలో గుండ్రంగా తిరుగుతున్నాను. ఆ ఆలోచనకు ఒక యజమాని కావాలి. ఆ మూడు సంఘాలకూ చెందకూడదు, మేనేజర్ కాకూడదు, ఎవరూ కాదనలేని మనిషి కావాలి. ఆగిపోయాను. అలాంటి మనిషి ఎదురుగా కూర్చుని పల్లీలు ఒలుచుకుంటోంది. ఆ ఊరి ఆడబిడ్డ. గని కార్మికుడి కూతురు. ఇంకో విశేషం, వాళ్ల నాన్న తన ఉద్యోగ కాలంలో మూడు సంఘాల్లోనూ ఉండి వచ్చాడు.

“అమ్మా, ఆలోచన నీదని అందరికీ చెప్పేస్తాను.”

పల్లీ చేతిలో ఆగింది.

“మీకు ఎర్కేనా సార్, ఏం చేస్తున్నరో?”

“తెలుసు.”

“మల్లొకసారి ఆలోచించుకోండ్రి.”

“ఆలోచించడానికేముంది? బండ్లు కదలాలి.”

ఆమె తల దించుకుంది. కళ్లు చెమ్మగిల్లాయని గమనించాను. సంఘాల గొడవలోకి లాగుతున్నందుకు భయపడుతోందనుకుని, “ఏం ఫికరు లేదు, నేనున్నాగా” అని కూడా అన్నాను. ఫికరు అనే ఆ ఊరి మాట వాడినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను.

మర్నాడు మళ్లీ గూళ్లన్నీ తిరిగాను. పెద్దాయనతో, “ఆ అమ్మాయి చిన్నప్పుడు మీ గేటు మీటింగులు వింటూ పెరిగిందట. మీ సంఘంలో పనిచేసినాయన కూతురే. మిగతావాళ్లు సన్మానం చేసేలోపు...” అని ఆపాను. ఆపడం కూడా ఒక విద్యే. ఆయన అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు. “శాలువా దుకాణం ఎన్నింటికి తెరుస్తడురా?” అని ఇంట్లోకి కేకేశాడు. మీసాలాయనకూ, కళ్లజోడాయనకూ అదే పాట, చివరి చరణం వరకూ. మేనేజర్‌గారు బండ్లు కదిలితే చాలన్నారు.

తర్వాతి పొద్దున గేటు దగ్గర మూడు మైకులు మాయమై ఒక్కటే ఉంది. మా బాస్‌కు చూపించాలని మేనేజర్‌గారు తన ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి అటెండర్ చేతికిచ్చి ఎత్తి పట్టుకోమన్నారు. ఎండ అప్పటికే మండుతోంది. పెద్దాయన మొదటి శాలువా కప్పాడు. “మన సంఘం బిడ్డ!” మీసాలాయన దాని మీద రెండోది కప్పాడు. “వాళ్ల నాయిన మా దాంట్లకొచ్చినంకనే గీ పిల్ల పుట్టింది!” మూడో ఆయన మూడోది కప్పి, “రిటైరయ్యే నాటికి ఏ సంఘంల ఉన్నడో అడుగుండ్రి!” అన్నాడు. మూడు శాలువాల మధ్యలోంచి ఆమె ముక్కు, కళ్లూ మాత్రం కనబడుతున్నాయి. “ఉడుకవోస్తున్నది కాకా, ఒక్కటన్న తియ్యండ్రి” అంటుంటే ఎవరూ వినలేదు. ముందు తీసిన శాలువా ఎవరిదవుతుందోనని అందరికీ అనుమానం.

నన్ను బెంచీ ఎక్కించారు. “ఈ ఆలోచన మేనేజర్‌గారిది కాదు, ఏ సంఘానిదీ కాదు, నాదీ కాదు. ఈ అమ్మాయిది!” అని అరిచాను. ఫోన్ ఎత్తి పట్టుకున్న అటెండర్ కూడా ఒక చేత్తో తొడ మీద చప్పట్లు కొట్టాడు. నేను చెప్పింది నిజమని నాకు ఒక్క క్షణం గుర్తే లేదు. గొడవ తీర్చడానికి అల్లిన అబద్ధంలా హాయిగా అరిచాను.

తర్వాత జరిగినదాన్ని వరసగా చెప్పలేను. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. మనిషి కంటే ఎత్తున్న టైరు, కింద గోలీకాయంత నిమ్మకాయ. డంపర్ల ముక్కులకు బంతిపూల దండలు వేలాడాయి. ఒక బండి ముగ్గురూ అప్పుడే పోట్లాట మొదలుపెట్టారు, బండి మీద ఎవరి బిడ్డ పేరు రాయించాలని.

“నా బిడ్డ పెద్దది, నా బిడ్డదే రాయాలె!”

“నీ బిడ్డ పేరు రాస్తే నెంబరు ప్లేట్ కాడికి పోతది, గంత పొడుగున్నది!”

“ముగ్గురిదీ రాయుండ్రి, గోడంత జాగ ఉన్నది గద!” అని ఆమె శాలువాల్లోంచి తీర్పు చెప్పింది.

హారన్లన్నీ ఒకేసారి మోగాయి. నేల అదిరింది. ఒకదాని వెనక ఒకటి ఆ ఇళ్లంత బండ్లు ఊరేగింపులా కదిలాయి. కిటికీ దగ్గర ఒక్క మనిషి లేడు. షిఫ్ట్ ఇన్‌ఛార్జి కిటికీలోంచి తల బయటపెట్టి, “నాతోని ఎవలికీ పని లేదా?” అని దిగులుగా అడిగాడు. ఎవరో డప్పు కొట్టారు. మీసాలాయన నా చేతులు పట్టుకుని లాగాడు. ఆ చిన్న బూట్లతో, ఆ దుమ్ములో, నా సర్వీసులో మొదటిసారి, చివరిసారి కూడా, నేను గెంతులేశాను.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో అందరికీ భోజనాలు. పెద్దాయన తనే వడ్డిస్తానని పట్టుబట్టి, ఉద్వేగంలో గరిటెడు పప్పు ఆమె మూడో శాలువా మీద వేశాడు. అప్పుడే బాస్ ఫోన్ చేశాడు.

“మీరు చేసిన పని ఇంకెవరూ చేయలేరు. అందరి ముందూ, మీ నోటితో మీరే...”

“నేనేం చేశానండీ?”

“అదే మీ గొప్పతనం. కానీ రూలు రూలే కదా.”

“ఏ రూలు?”

ఆయన బాధగా నవ్వి, నా వినయానికి నమస్కారం చెప్పి పెట్టేశాడు.

ఆమె వైపు తిరిగాను. “ఏదో రూలు అంటున్నాడు. ఏంటమ్మా అది?”

ఆమె పప్పు తుడుచుకుంటున్న చెయ్యి ఆపి నన్ను చూసింది. రూలు చెప్పింది. “మీరు గా మీటింగుల ఉన్నరు గద సార్?”

“ఉన్నాను.”

“మరి?”

“బజ్జీ తింటున్నాను.”

ఆమెకు నవ్వు మొదలైంది. ఆపుకోబోయి, కుర్చీలోంచి జారి, నేల మీద కూర్చుని నవ్వింది. “మీ కాళ్లు మొక్కుదామనుకున్న సార్ మొన్న! పల్లీలు చేతుల ఉన్నయని ఆగిన!” అంది. నాకు ఉద్యోగం పోయింది. నేను కూడా ఆమె పక్కన నేల మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వాను. చుట్టూ ఉన్నవాళ్లు విజయోత్సాహం అనుకుని చప్పట్లు కొట్టారు.

నవ్వు ఆగాక ఆమె ఇద్దరినీ ఉంచమని బాస్‌కు చెప్పి చూసింది. ఆయన ఒప్పుకోలేదు. నేను రైలెక్కే రోజు స్టేషన్‌కు వచ్చి ఒక పొట్లం చేతిలో పెట్టింది. మూడో శాలువా. “మూడిట్ల ఒకటన్న మీది సార్” అంది.

ఇక నేను చేసిన అసలు తప్పు. బాస్ ఆ కథను హైదరాబాదంతా చెప్పాడు. జూనియర్ కోసం తన కుర్చీ వదులుకున్న మనిషి! నేను కాదనాలి. మొదటి ఫోన్‌కే కాదందామనుకున్నాను. అవతల ఒక కాలేజీ, ‘నిస్వార్థ నాయకత్వం’ మీద మాట్లాడతారా అన్నారు. ఖాళీగా ఉన్నాను, సరేనన్నాను. తర్వాత ఇంకో కాలేజీ. స్లైడ్లు పోయాయి, కోకిల విద్య పోయింది, కళ్లు మూసుకునే విద్య వచ్చింది. మారుతున్న కాలానికి తగ్గట్టు మారడం అంటే ఇదేనేమోనని నాకు నేను చెప్పుకున్నాను. శాలువా భుజాన వేసుకుని వెళ్లేవాణ్ణి, మరక లోపలికి మడిచి.

ఆమె ఇప్పుడు మా పాత సంస్థలో ఒక విభాగానికి పెద్ద. ఇన్నాళ్లూ బజ్జీ సంగతి ఎవరికీ చెప్పలేదు. ముగ్గురికి ఒక బండి గనిలో ఇంకా నడుస్తోందట. కిటికీ దగ్గరి పోట్లాటలు తగ్గి బండ్లలోకి మారాయట, సీటు కవరు రంగు గురించి.

పోయిన నెల ఆ విద్యార్థిని అడిగిన ప్రశ్నకు “తెలుసమ్మా” అని ఇంటికొచ్చి శాలువా మడతపెడుతున్నాను. గెస్ట్‌హౌస్ వసారాలో పల్లీలు ఒలుచుకుంటూ ఇంకొక ఆమె కూడా నన్ను దాదాపు అదే అడిగింది కదా, ఆమెకూ అదే జవాబు చెప్పాను కదా అని గుర్తొచ్చింది. మొదటిసారి తెలియక చెప్పాను. రెండోసారి తెలిసే చెప్పాను. శాలువాను డ్రైక్లీనింగ్‌కు ఇచ్చి, ఆమెకు కొరియర్‌లో పంపి, ఆ విద్యార్థిని సంగతి చెప్పి, అంతా రాసి బయటపెడుతున్నానని కబురు పెట్టాను. వారానికి పొట్లం తిరిగొచ్చింది, వెనకే ఫోనూ వచ్చింది.

“ఎందుకు పంపావమ్మా? అది నీది.”

“పప్పు మరక పోలే సార్. మీరే ఉంచుకోండ్రి.” మళ్లీ తనే, “రాస్తే రాయుండ్రి గని, ముందుగాల గా పిల్లకు చెప్పుండ్రి. పాపం, చప్పట్లు కొట్టింది” అంది.

అందుకని ఆ కాలేజీకే మళ్లీ వెళ్తున్నాను. అదే హాలు, అదే పిల్లలు కావాలని ప్రిన్సిపాల్‌గారిని అడిగాను. ఆయన పొంగిపోయి, ఈసారి ఉపన్యాసానికి ఇంకేమైనా ఏర్పాట్లు చేయించమంటారా అన్నారు.

మిరపకాయ బజ్జీలు చేయించమన్నాను.